గోల్ఫ్ కార్ట్ కార్బ్యురేటర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

చలికాలమంతా గరాజ్‌లో నిలబెట్టిన బళ్లను బయటికి తీసే రోజులివి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పెట్రోల్ గోల్ఫ్ కార్ట్‌ల గురించే. వాటిలో పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజిన్‌కు అందించే భాగమే కార్బ్యురేటర్. బ్యాటరీతో నడిచే కార్ట్‌లకూ, ఈ మధ్య వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్ట్‌లకూ కార్బ్యురేటర్ ఉండదు. మీది ఏ రకమో సీటు ఎత్తి చూసుకున్నాకే ఇవి చదవండి.

ప్రశ్న: మాది క్లబ్ కార్ కంపెనీ పాత డీఎస్ మోడల్ కార్ట్. నవంబరు నుంచి కదల్చలేదు. పెడల్ నొక్కితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. కార్బ్యురేటర్ విప్పేయమంటారా?
– పీచ్‌ట్రీ సిటీ, జార్జియా

జవాబు: అప్పుడే వద్దండీ. ఇంజిన్ చురుగ్గా తిరుగుతోందంటే బ్యాటరీ, సోలెనాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్), స్టార్టర్-జనరేటర్ (ఇంజిన్‌ను తిప్పి, తర్వాత బ్యాటరీని చార్జ్ చేసే మోటారు) పనిచేస్తున్నట్టే. మిగిలింది పెట్రోల్, గాలి, స్పార్క్. వీటిలో ఏది అందడం లేదో తేల్చుకోకుండా కార్బ్యురేటర్ విప్పితే బాగున్నదాన్ని కెలికినట్టవుతుంది.

ముందు ట్యాంకులో పెట్రోల్ చూడండి. కొంచెం గాజు సీసాలోకి తీసి వెలుతురుకు పట్టండి. తాజా పెట్రోల్ లేత రంగులో తేటగా ఉంటుంది. ముదురు పసుపుగానో గోధుమ రంగుగానో మారి, వార్నిష్ వాసన కొడితే దాన్ని ఇక వాడకూడదు. సీసా అడుగున వేరే పొర తేలితే అది నీళ్లూ ఇథనాలూ కలిసి దిగినది. అమెరికా బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటాక నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. అలాంటప్పుడు ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. తీసిన పెట్రోల్‌ను డ్రెయిన్‌లో పోయకండి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

తర్వాత ట్యాంకు దగ్గర షటాఫ్ వాల్వ్ ఉంటే తెరిచి ఉందో లేదో చూడండి. నిరుడు మూసి మర్చిపోయి ఉండొచ్చు. ఇప్పుడు నాలుగైదు సెకన్లు ఇంజిన్ తిప్పి స్పార్క్ ప్లగ్ తీయండి. మొన పొడిగా ఉంటే సిలిండర్‌లోకి పెట్రోల్ రావట్లేదు. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ లేదు, లేదా పెట్రోల్ మరీ ఎక్కువైపోయింది. ప్లగ్ గ్యాప్ ఈ ఇంజిన్‌కు 0.030 అంగుళం, అంటే 0.75 మిల్లీమీటర్ల దరిదాపు. పాతబడి ఉంటే తుడుస్తూ కూర్చోకుండా కొత్తది వేయండి.

ప్లగ్ పొడిగా ఉందనుకుందాం. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బ్యురేటర్ నోట్లోకి ఒక్క సెకను కార్బ్ క్లీనర్ కొట్టండి. ముఖం పక్కకు పెట్టి, కళ్లద్దాలతోనే కొట్టండి. ఇంజిన్ రెండు మూడు సెకన్లు అందుకుని ఆగిపోతే స్పార్క్ బాగానే ఉంది, పెట్రోలే దారిలో ఎక్కడో ఆగింది.

అది ఎక్కడో కనిపెట్టడానికి ఫ్యూయల్ పంపు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని ఊడదీసి ఒక సీసాలో పెట్టండి. స్పార్క్ ప్లగ్ వైరు తీసి, దానికి పాత ప్లగ్ ఒకటి తగిలించి, పెట్రోల్‌కు దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించి ఉంచండి. ఇంజిన్ తిప్పితే చిక్ చిక్‌మని పెట్రోల్ ఎగజిమ్మాలి. ఈ పంపుకు కరెంటు వైరు ఉండదు. దానికి మూడు గొట్టాలుంటాయి. ఒకటి ట్యాంకు నుంచి వస్తుంది, ఒకటి కార్బ్యురేటర్‌కు వెళ్తుంది, మూడోది క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గది) నుంచి వచ్చే పల్స్ గొట్టం. పిస్టన్ పైకీ కిందికీ ఆడేటప్పుడు క్రాంక్‌కేస్‌లో మారే ఒత్తిడే పంపు లోపలి పలుచటి పొరను ఆడిస్తుంది. పల్స్ గొట్టానికి వెంట్రుకవాసి చీలిక వచ్చినా పంపు ఆడదు. పెట్రోల్ జిమ్మకపోతే ఫిల్టర్, ఆ పల్స్ గొట్టం, ఆఖరున పంపు చూడండి. ఫిల్టర్ మీది బాణం గుర్తు కార్బ్యురేటర్ వైపు ఉండాలి.

పంపు నుంచి పెట్రోల్ వస్తోంది, బౌల్ (కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే అక్కడా వస్తోంది, అయినా స్ప్రే కొడితే తప్ప ఇంజిన్ అందుకోవట్లేదు అంటే జెట్లు (పెట్రోల్‌ను కొలతగా వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) మూసుకున్నాయి. అప్పుడు విప్పండి.

ఇంకో మాట. వరసగా పది సెకన్లకు మించి పెడల్ నొక్కి పట్టకండి. స్టార్టర్-జనరేటర్ వేడెక్కి కాలిపోతుంది.

ప్రశ్న: చోక్ లాగి పట్టుకుంటేనే నడుస్తోంది, వదిలితే దగ్గి ఆగిపోతోంది. కార్బ్యురేటర్ శుభ్రం చేయాలని మెకానిక్ అన్నాడు. ఇంట్లోనే చేసుకోవచ్చా? వరసగా చెప్పగలరా?
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: చేసుకోవచ్చు. చోక్ మూస్తే గాలి తగ్గి పెట్రోల్ వాటా పెరుగుతుంది. అలా అయితేనే నడుస్తోందంటే మామూలప్పుడు పెట్రోల్ చాలట్లేదు. జెట్ మూసుకుని ఉండాలి, లేదా కార్బ్యురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతుండాలి. లీకుంటే బయటి నుంచే పట్టుకోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆ అతుకు చుట్టూ కొద్దిగా కార్బ్ క్లీనర్ కొట్టండి. ఇంజిన్ చప్పుడు మారితే లీకు అక్కడే. వేడి సైలెన్సర్ మీద మాత్రం పడనివ్వకండి.

మొదలుపెట్టే ముందు చోటు చూసుకోండి. అమెరికా ఇళ్లలో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉండటం మామూలు. వాటిలో చాలావాటికి పైలట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ ఆ మంటను చేరుతుంది. అందుకే ఈ పని ఆరుబయటే చేయండి. ఇంజిన్ చల్లారాక తాళం తీసి, లీవర్ న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. ఫ్యూయల్ వాల్వ్ మూయండి. వాల్వ్ లేని బండికి గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంపు పెట్టండి.

ఏదైనా ఊడదీసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ముఖ్యంగా గవర్నర్ (ఇంజిన్ వేగం హద్దు దాటకుండా ఆపే భాగం) కేబుల్ లేదా రాడ్, థ్రాటిల్ స్ప్రింగ్, చోక్ కేబుల్ ఏ రంధ్రంలో ఉన్నాయో దగ్గరగా తీయండి. తిరిగి బిగించేటప్పుడు అందరూ తడబడేది ఇక్కడే.

ఎయిర్ గొట్టం, పెట్రోల్ గొట్టం, కేబుళ్లు తీసి, కార్బ్యురేటర్ పట్టి ఉంచే నట్లు విప్పండి. అది ఊడి రాగానే దాని వెనక గ్యాస్కెట్, నల్లటి ఇన్సులేటర్ దిమ్మ, మళ్లీ గ్యాస్కెట్ ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక, ఏ వైపు పైకి ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోండి.

వీటిలో చాలావరకు జపాన్ మికుని తయారీ. వాటి స్క్రూలు మామూలు ఫిలిప్స్ కాదు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి, ఆ ఖర్చు వృథా కాదు.

బౌల్ తెరవండి. అడుగున పచ్చటి జిగురు, తెల్లటి పొడి, తుప్పు రేణువులు కనబడొచ్చు. ఫ్లోట్‌ను (పెట్రోల్ మీద తేలే బెండు) పట్టే సన్నని పిన్నును మెల్లగా తోస్తే ఫ్లోట్, దానికి వేలాడే నీడిల్ వాల్వ్ (బౌల్ నిండగానే పెట్రోల్‌ను ఆపే సూది) కలిసి బయటికొస్తాయి. నీడిల్ మొన మీద వేలిగోరు ఆడించండి. చుట్టూ గాడి తగిలితే అది అరిగింది, మార్చాలి. తర్వాత నడుమనున్న స్తంభంలో నుంచి మెయిన్ జెట్ తీయండి. గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పు స్క్రూడ్రైవరే వాడండి. జెట్ ఇత్తడి, గాడి ఇట్టే చెదిరిపోతుంది. మెయిన్ జెట్ వెనకే చుట్టూ చిల్లులున్న గొట్టం లాంటి భాగం జారి రావచ్చు. ఆ చిల్లులన్నీ తెరిచి ఉండాలి.

ఇక పైలట్ జెట్. విడిగా ఊడొచ్చేదైతే తీయండి. అసలు తంటా ఎక్కువసార్లు దీనితోనే. ఆకాశం వైపు పట్టి ఒక కన్నుతో చూస్తే సూదిమొనంత వెలుగు చుక్క గుండ్రంగా కనబడాలి. వంకరగానో మసకగానో కనబడితే లోపల పొర ఉన్నట్టే, పూర్తిగా మూసుకుంటే ఏమీ కనబడదు. పెడల్ వదిలితే ఆగిపోయే ఈ బళ్లకు ఐడ్లింగ్ లేదు కదా, పైలట్ జెట్‌తో పనేమిటని కొందరు వదిలేస్తారు. పెడల్ కాస్త నొక్కిన తొలి క్షణంలో ఇంజిన్‌కు పెట్రోల్ ఇచ్చేది అదే. అది మూసుకుంటే చోక్ లేకుండా బండి అందుకోదు.

పెట్రోల్-గాలి కలయికకు సర్దుబాటు స్క్రూ ఉంటే, తీసే ముందు లోపలికి మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని అప్పుడు విప్పండి. తిరిగి అన్ని చుట్లే వదలాలి. చాలా వాటికి దాని మీద సీలు ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయండి.

రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలన్నీ పక్కన పెట్టాకే క్లీనర్ వాడాలి, లేకపోతే ఉబ్బిపోతాయి. స్ప్రే డబ్బా సన్నగొట్టంతో ప్రతి రంధ్రంలోకీ కొట్టి, రెండో చివర నుంచి బయటికొస్తోందో లేదో చూడండి. రాకపోతే ఆ దారి ఇంకా మూసే ఉంది. లోహపు భాగాలను అరగంట క్లీనర్‌లో నాననిచ్చి మళ్లీ కొట్టండి. ఆ తర్వాత కంప్రెసర్ గాలి పట్టండి. జెట్ రంధ్రంలోకి డ్రిల్ బిట్, గుండుసూది, ఉక్కు తీగ పెట్టనే వద్దు. జెట్ల రంధ్రాలు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన చేస్తారు, కాస్త గీరుకుపోయినా పెట్రోల్ వాటా మారిపోతుంది. తప్పనిసరైతే కరెంటు వైరులోని రాగి పోగు ఒక్కటి తీసి మెల్లగా దూర్చండి. రాగి ఇత్తడికన్నా మెత్తన.

బిగించేటప్పుడు కొత్త బౌల్ గ్యాస్కెట్ వేయండి. కార్బ్యురేటర్‌ను తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ దాదాపు కార్బ్యురేటర్ అంచుకు సమాంతరంగా నిలవాలి. మీ మోడల్ పుస్తకంలో కొలత ఉంటే అదే ప్రమాణం. బిగించాక ఒక పరీక్ష చేయండి. పెట్రోల్ వచ్చే ముక్కుకు శుభ్రమైన గొట్టం తగిలించి మెల్లగా ఊదండి. నిటారుగా పట్టినప్పుడు గాలి పోవాలి, తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుకు నీడిల్ మూసుకుని గాలి ఆగాలి. ఆగకపోతే బండికి ఎక్కించకండి, పెట్రోల్ కారుతుంది.

అన్నీ తగిలించాక, ఇంజిన్ ఆపి ఉండగానే, ఒకరు పెడల్ పూర్తిగా నొక్కితే బటర్‌ఫ్లై (కార్బ్యురేటర్ దారిని తెరిచి మూసే రేకు, అదే థ్రాటిల్) పూర్తిగా తెరుచుకోవాలి, వదిలితే టక్కున మూసుకోవాలి. గట్టిగా కదిలినా, సగంలో ఆగినా సరిచేసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి. ఫ్యూయల్ ఫిల్టర్ కొత్తది వేయండి. ట్యాంకులో చెడిన పెట్రోల్ ఉంచి కార్బ్యురేటర్ ఒక్కటే కడిగితే నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తారు.

ప్రశ్న: కార్బ్యురేటర్ నుంచి పెట్రోల్ కారుతోంది. దానికి తోడు ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద గీత దాటి పైకొచ్చింది. ఆయిల్ దానంతటది ఎలా పెరుగుతుంది?
– టాంపా, ఫ్లోరిడా

జవాబు: ఆయిల్ పెరగలేదు, అందులో పెట్రోల్ కలిసింది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. ఈ స్థితిలో బండిని ఒక్క నిమిషం కూడా నడపకండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

పెట్రోల్ ఆయిల్‌లోకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. నీడిల్ వాల్వ్ కింద చెత్త ఇరుక్కోవడమో, ఫ్లోట్‌కు చిల్లు పడి మునిగిపోవడమో జరిగితే బౌల్ పొంగి పెట్రోల్ సిలిండర్‌లోకి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడు వినబడితే మార్చండి. రెండో దారి పంపు. లోపలి పొర చిరిగితే పెట్రోల్ సూటిగా పల్స్ గొట్టంలో నుంచి క్రాంక్‌కేస్‌లో పడుతుంది. పంపు దగ్గర పల్స్ గొట్టం ఊడదీసి చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే పంపు పోయినట్టే. మీకు కార్బ్యురేటర్ దగ్గర కూడా కారుతోంది కాబట్టి రెండూ చూడాలి.

రిపేరు అయ్యాకే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి. ముందు మార్చితే కొత్త ఆయిల్ కూడా పాడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి, ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (క్రాంక్‌కేస్ గాలి బయటికొచ్చే గొట్టం) గుండా అక్కడికి చేరి దాన్ని తడిపేసి ఉంటుంది.

ప్రశ్న: పెడల్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో ఢాం అని పేలుతోంది. పక్కింటివాళ్లు కంప్లెయింట్ చేస్తున్నారు. కార్బ్యురేటర్ కడిగాం, తగ్గలేదు.
– షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: పెడల్ వదలగానే మైక్రోస్విచ్ స్పార్క్‌ను ఆపేస్తుంది. కానీ బండి కదులుతూ ఉండటంతో ఇంజిన్ మరి కొన్ని చుట్లు తిరుగుతుంది. అప్పటికి థ్రాటిల్ పూర్తిగా మూసుకోకపోతే కాలని పెట్రోల్ ఆవిరి వేడి సైలెన్సర్‌లోకి వెళ్లి అక్కడ అంటుకుంటుంది. కాబట్టి జెట్లు మళ్లీ కడగడం కన్నా కేబుల్ చూడండి. థ్రాటిల్ ముందు మూసుకోవాలి, ఆ తర్వాతే స్విచ్ స్పార్క్‌ను ఆపాలి. కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా, తుప్పుతో పట్టేసినా, రిటర్న్ స్ప్రింగ్ సాగిపోయినా ఈ వరస తారుమారవుతుంది. అది సరిగ్గా ఉంటే సైలెన్సర్ గ్యాస్కెట్ దగ్గర మసి చారలు చూడండి. అక్కడ లీకుంటే బయటి గాలి లోపలికి వెళ్లి పేలుడుకు తోడవుతుంది.

ప్రశ్న: పది నిమిషాలు బాగా పోతుంది, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలే.
– కమ్మింగ్, జార్జియా

జవాబు: ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. పెట్రోల్ తగ్గిన మేరకు గాలి లోపలికి రాక, పంపు లాగలేకపోతోంది. కొత్త మూత వేస్తే చాలు. బుస్ లేకపోతే, ఆగిన క్షణంలోనే స్పార్క్ చూడండి. వేడెక్కితే పనిచేయని ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ పుట్టించే భాగం) కూడా ఇదే తీరుగా ఆపుతుంది, చల్లారాక పనిచేస్తుంది.

ప్రశ్న: డాలస్ నుంచి కొలరాడోకు మారాం. అక్కడ చక్కగా నడిచిన కార్ట్ ఇక్కడ నల్లపొగ కక్కుతోంది, ఎత్తు ఎక్కలేకపోతోంది.
– అరోరా, కొలరాడో

జవాబు: ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండి, చోక్ పూర్తిగా తెరుచుకుంటుంటే కార్బ్యురేటర్‌లో తప్పేమీ లేదు. డెన్వర్ ప్రాంతం 5,280 అడుగుల ఎత్తు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దానిలో దాదాపు 83 శాతమే. గాలి పలచబడింది, జెట్ మాత్రం డాలస్ లెక్కకే పెట్రోల్ పోస్తోంది. మీ మోడల్‌కు ఎత్తు ప్రాంతాల కోసం చేసిన మెయిన్ జెట్ డీలర్ దగ్గర అడగండి. జెట్ తల మీద చిన్న అంకె ఉంటుంది, అంకె తగ్గితే రంధ్రం చిన్నది. తీసిన జెట్‌ను సంచిలో పెట్టి సీటు కింద దాచండి. మళ్లీ మైదాన ప్రాంతానికి వెళ్తే తప్పక మార్చాలి, లేకపోతే పెట్రోల్ చాలక ఇంజిన్ మితిమీరి వేడెక్కి వాల్వులు కాలతాయి.

ప్రశ్న: కార్బ్యురేటర్ కడిగాక వేగం సగానికి పడిపోయింది. గవర్నర్ బిగిస్తే వేగం వస్తుందని చెప్తున్నారు.
– ప్లేనో, టెక్సస్

జవాబు: గవర్నర్ జోలికి వెళ్లకండి. అది ముందూ బాగానే ఉంది కదా. కేబుల్ లేదా రాడ్ వేరే రంధ్రంలో తగిలించి ఉంటారు. పాత ఫొటోతో పోల్చండి. పెడల్ చివరిదాకా నొక్కినా బటర్‌ఫ్లై సగమే తెరుచుకుంటుంటే కారణం అదే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 50 డాలర్ల లోపే కొత్త కార్బ్యురేటర్లు దొరుకుతున్నాయి. కడగడం దండగ కాదా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పాతది అసలు మికుని అయి, లోపల లోహం తినేసి గుంటలు పడకుండా ఉంటే కడగడమే మేలని మా గట్టి అభిప్రాయం. చవకరకాల్లో జెట్ కొలత మీ ఇంజిన్‌కు సరిపోకపోవడం, బటర్‌ఫ్లై ఇరుసు వదులుగా ఉండి గాలి పీల్చడం తరచుగా చూస్తాం. బౌల్‌లో తెల్లటి, పచ్చటి గుంటలు పడి ఉంటే, ఇరుసు చేతితో ఊగుతుంటే మాత్రం మార్చేయండి. చవకది కొన్నా పాతదాని జెట్లు దాచండి. చాలాసార్లు కొత్తదానిలో పాత జెట్ వేస్తేనే బండి దారికొస్తుంది, జెట్ మర చుట్లు కుదరాలి అంతే.

ప్రశ్న: జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇండియా వెళ్తున్నాం. కార్ట్‌ను ఎలా వదిలి వెళ్లాలి?
– ఆస్టిన్, టెక్సస్

జవాబు: ట్యాంకు దాదాపు నిండుగా ఉంచండి. ఖాళీ తగ్గితే తేమ చేరడం తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అదే మేలు. 15 శాతం ఇథనాల్ ఉన్న ఈ15 చవకని పోయించకండి, ఇలాంటి చిన్న ఇంజిన్లలో దాన్ని వాడకూడదని అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన కూడా ఉంది. స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా చెడకుండా ఆపే మందు) పోయండి. మామూలు ఎర్ర రకానికి లెక్క రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు, అంటే ఐదు గ్యాలన్లకు 60 మిల్లీలీటర్లు. డబ్బా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. పోసి ఊరుకుంటే ట్యాంకు ఒక్కటే బాగుంటుంది. కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలే మిగులుతుంది. అందుకే పది నిమిషాలు బండి తిప్పండి. తర్వాత ఫ్యూయల్ వాల్వ్ మూసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి. ఆఖరున బౌల్ డ్రెయిన్ స్క్రూ తీసి మిగిలిన రెండు చెంచాలూ వంపేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారు తెనాలి దగ్గర పొలంలో పెట్రోల్ బ్రష్ కట్టర్ వాడతారు. అది కూడా సీజన్ మారాక స్టార్ట్ అవ్వదు. ఇదే పద్ధతి పనికొస్తుందా?
– శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: జబ్బు ఒకటే, కార్బ్యురేటర్ వేరు. బ్రష్ కట్టర్‌ను పక్కకు, తలకిందులకు తిప్పుతారు కాబట్టి అందులో ఫ్లోట్ ఉండదు, రబ్బరు పొర ఉంటుంది. స్ప్రే కొట్టే ముందు ఆ పొర తీసి పక్కన పెట్టాలి. వేలితో నొక్కితే మెత్తగా సాగాలి, కాగితంలా గరగరలాడితే కొత్త కిట్ వేయాలి. లోపల చిన్న జల్లెడ ఒకటి ఉంటుంది, చెత్త పేరుకునేది అక్కడే. ఇప్పుడు ఇండియాలో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోల్ రోజుల తరబడి డబ్బాలో నిల్వ పెట్టవద్దనండి. ఏ రోజుకు కావలసింది ఆ రోజే కలుపుకోమనండి. పని అయ్యాక ట్యాంకు వంపేసి, మిషన్ దానంతటది ఆగేదాకా నడిపి పక్కన పెట్టమని చెప్పండి.